ఆవిడ బొక్కెనలో ఉంది

గిన్నెలాయనకి మాట పడిపోలేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. మాట పడిపోయి ఉంటే జనం ఆయన సైగలు చూసేవాళ్ళు, కళ్ళు చూసేవాళ్ళు, తలో చెయ్యీ వేసి ఏం కావాలో కనుక్కునేవాళ్ళు. ఆయనకి మాట శుభ్రంగా వస్తుంది, గలగలా వస్తుంది. కాకపోతే వస్తువుల పేర్లు మాత్రం ఒకటి అనబోతే ఇంకొకటి ఊడిపడతాయి. నిరుడు ఎండాకాలం ఓ పొద్దున మంచం దిగబోయి కుడివైపుకి కుప్పకూలాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి ఈడ్చే కాలు, పట్టు లేని చెయ్యి, ఈ తారుమారు మాటలు, మూడూ ఆయన వెంట వచ్చాయి.

పోనీ, ఏదో ఒక పేరు వస్తే సర్దుకోవచ్చు. ఆయన నోటికి వచ్చేవన్నీ ఇప్పుడు ఎవరింట్లోనూ లేని సామాన్ల పేర్లు. ఫ్రిజ్జుని ఉట్టి అంటాడు. ఫోన్ని లాంతరు అంటాడు. బట్టలుతికే మెషీను కవ్వం, గ్యాసు పొయ్యి కుంపటి, టీవీ రిమోటు చేట. "చేట ఎక్కడ పెట్టావు? ఈ పాటలొద్దు, వార్తలు కావాలి" అని ఆయన అడిగితే చూడడానికి వచ్చిన చుట్టాలు మొహమొహాలు చూసుకుంటారు. ఆయన భార్య మాత్రం దిండు కింద నుంచి రిమోటు తీసి చేతిలో పెట్టి తన పనిలోకి వెళ్ళిపోతుంది.

గిన్నెలాయన అన్న పేరు కొట్టు వల్ల వచ్చింది. బజారు మలుపులో నలభై ఏళ్ళు కొట్టు నడిపాడు. పేరుకి గిన్నెల కొట్టే గానీ అందులో దొరకని ఇంటి సామాను ఉండేది కాదు. గుమ్మానికి అటూ ఇటూ బొక్కెనలు వరసగా వేలాడేవి. లోపల లాంతర్లు, గడ్డిలో పొదిగిన వాటి గాజు చిమ్నీలు, కట్టలు కట్టిన ఊదుగొట్టాలు, ఒకదాంట్లో ఒకటి దూర్చిన కిరోసిన్ గరాటులు. కొత్తగా కాపురం పెట్టబోయే జంట వచ్చి గుమ్మంలో తెల్లమొహం వేసుకుని నిలబడితే, గది ఎంత, నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి, కరెంటు ఏపాటి ఉంటుంది అని ఆయనే అడిగి, కావలసినవన్నీ ఆయనే తీసి ముందు పెట్టేవాడు. మధ్యాహ్నం భోజనం తెచ్చిన భార్య సాయంత్రం దాకా అక్కడే కూర్చునేది. ఊదుగొట్టం కొనేవాళ్ళకి ఊది చూపించడం ఆవిడ వంతు. అప్పట్లో ఆవిడ ఊపిరి బాగుండేది.

తర్వాత ఒక్కో వస్తువునీ జనం అడగడం మానేస్తూ వచ్చారు. మానేసినట్టు ఆ రోజున తెలియదు. ఎప్పుడో దుమ్ము తుడుస్తుంటే, ఈ లాంతరుని దింపమని ఎవరూ అడగక ఎన్నాళ్ళయిందో కదా అనిపించేది. అయినా ఆయన వారం వారం చిమ్నీలు బయటికి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసుకుని, మళ్ళీ గడ్డిలో పడుకోబెట్టేవాడు. "కొనే దిక్కులేని వాటికి ఈ సింగారాలేమిటండీ" అని ఆవిడ దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కొట్టు మూసిన రోజున సరుకంతా తూకానికి వెళ్ళిపోయింది. ఆ బండి మలుపు తిరిగేదాకా ఆయన నిలబడి చూసి ఇంటికొచ్చాడు. ఆ సరుకు ఎక్కడికీ పోలేదని, ఆయన తలలోనే ఒక మూల పేర్చి ఉందని, ఇన్నేళ్ళకి ఈ జబ్బు వస్తే గానీ బయటపడలేదు.

ఈ కొత్త భాషని లోకంలో అర్థం చేసుకునే మనిషి ఒక్కతే, ఆయన భార్య. పిల్లలు లేరు. దాని గురించి ఇద్దరూ ఏడవాల్సింది ఎప్పుడో ఏడ్చేసి ఊరుకున్నారు. ఆవిడకి దొరికిన కిటుకు ఏమిటంటే, ఆయన వస్తువు రూపం చూసి పేరు పెట్టడు, అది చేసే పని చూసి పెడతాడు. పిల్లి నోటికి అందకుండా పాలు దాచేది ఉట్టి, ఇప్పుడు పాలు దాచేది ఫ్రిజ్జు. చీకట్లో చేత పట్టుకుని తిరిగేది లాంతరు, ఇప్పుడు అందరూ చేత పట్టుకుని తిరిగేది ఫోను. కొట్లో పక్కన కూర్చున్న మనిషికి తప్ప ఈ లెక్క ఇంకొకరికి అందదు.

ఒక్క మాట మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన భార్యని పేరు పెట్టి పిలిచి ఎరగడు, "ఏమోయ్" అనేవాడు. అది వస్తువు పేరూ కాదు, మనిషి పేరూ కాదు. అందుకని జబ్బు దాని జోలికి పోలేదు. ఇంట్లో రోజుకి వందసార్లు "ఏమోయ్" వినిపిస్తుంది. అవసరం ఉండి కాదు. ఆవిడ వంటింట్లోంచి "ఆఁ" అనాలి, అంతే. ఆ "ఆఁ" కొంచెం ఆలస్యమైతే ఆయనకి గుండె దడ మొదలవుతుంది.

ఎందుకంటే తాను తప్పు మాట అంటున్నట్టు ఆయనకి తెలుసు. అది ఎవరికీ అర్థం కాని సంగతి. లోపల వస్తువు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది, నాలుక మాత్రం ఇంకోదాన్ని అందిస్తుంది, చెవి దాన్ని పట్టుకుని తప్పు తప్పు అంటుంది. ఓసారి తనంతట తానే కిందకి దిగి, వీధి చివర దుకాణానికి వెళ్ళి, "అరడజను భరిణెలు ఇవ్వు" అన్నాడు. కావలసింది కోడిగుడ్లు. దుకాణంవాడు పగలబడి నవ్వాడు, వరసలో ఉన్నవాళ్ళూ నవ్వారు. తిరిగొచ్చేటప్పుడు కంగారులో సందు తప్పి, ఇల్లెక్కడో అడగబోతే ఇల్లు అన్న మాట కూడా గిడ్డంగి అయిపోయింది. సాయంత్రానికి ఆవిడే వెతికి పట్టుకుని చెయ్యి పట్టి తీసుకొచ్చింది. ఆనాటి నుంచి ఆవిడ బయటికి వెళ్ళేటప్పుడు గాలి కోసం చెక్క తలుపు తెరిచి ఉంచి, బయటి ఇనప గ్రిల్ తలుపుకి తాళం వేసుకుని వెళుతుంది.

ఆవిడకీ ఒక జబ్బు ఉంది. ఉబ్బసం. చిన్న ఇన్‌హేలర్ ఒకటి ఎప్పుడూ చేతి సంచిలో ఉంచుకుంటుంది. ఆయన దాన్ని ఊదుగొట్టం అంటాడు. ఆ మాటకి మాత్రం ఆవిడ ఎప్పుడూ నవ్వుతుంది. "పొయ్యి లోపలే ఉందండీ, ఊదకపోతే ఆరిపోతుంది" అంటుంది. ఆయనకి నవ్వు రాదు.

ఆ రోజు పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. ఆవిడ సంచి తీసుకుని, "పాలు తెస్తాను, ఇప్పుడే వచ్చేస్తా, కుర్చీలోంచి లేవకండి" అని చెప్పి, తాళం వేసి వెళ్ళింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆవిడ దగ్గరే ఉంటుంది, ఆయన చేతిలో ఉన్నా దాంతో ఏం చెయ్యగలడు? వెళ్ళిన మనిషి తిరిగి రావడాన్ని ఆయన చెవులతోనే కనిపెడతాడు. లిఫ్టు వాళ్ళ స్నానాలగది గోడకి అవతలే నడుస్తుంది. కింద దాని తలుపు మూసిన చప్పుడు, ఆ తర్వాత మూలుగు, పైకి వస్తున్న కొద్దీ పెరుగుతుంది, ఆగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, చెప్పుల చప్పుడు. అప్పుడు ఆయన "ఏమోయ్" అంటాడు.

ఆ రోజు కింద తలుపు మూసుకుంది. మూలుగు మొదలైంది. సగం దారిలో ఫ్యాను ఆగిపోయింది, ఫ్రిజ్జు ఆగిపోయింది, మూలుగూ ఆగిపోయింది. కరెంటు పోయింది. పోయినప్పుడల్లా కింద జనరేటరు దడదడలాడుతూ అందుకోవాలి. అది బాగుచేతకి విప్పి పెట్టి వారం అవుతోంది. కాసేపు ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత స్నానాలగది గోడలోంచి అరచేత్తో రేకు మీద కొడుతున్న చప్పుడు వచ్చింది.

ఆయన కర్ర అందుకుని లేచి, స్నానాలగదిలోకి కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి, గోడకి చెవి ఆనించాడు. "ఏమోయ్!" అన్నాడు. చప్పుడు ఆగి, మళ్ళీ రెండుసార్లు వచ్చింది. గొంతు మాత్రం రాలేదు. ఆవిడ అరవడం లేదంటే అరవలేకపోతోందన్న మాట. లిఫ్టులో ఫోనూ అందదు. మూసిన చోట, ఉక్కలో, ఊపిరి అందకపోతే ఆవిడ ఎలా అవుతుందో ఆయన చాలాసార్లు చూశాడు. పెదాలు నల్లబడతాయి, భుజాలు పైకి లేస్తాయి. ఊదుగొట్టం సంచిలో ఉంది కదా అని తనకి తాను ధైర్యం చెప్పుకుంటూ బయటికి వస్తే, అది బల్ల మీద, మంచినీళ్ళ గ్లాసు పక్కన కనిపించింది. పొద్దున్న వాడి, సంచిలో వేసుకోవడం మరిచిపోయింది. ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఉన్న ఒక్క చెయ్యి, ఒక్క కాలు కూడా ఆడలేదు.

గ్రిల్ తలుపు దగ్గరికి వెళ్ళి కర్రతో కొట్టాడు. ఎదురింట్లో ఓ అమ్మాయి ఉంటుంది. పెళ్ళి కాలేదు, ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేసుకుంటుంది. మంచి పిల్ల. ఆ పిల్లకి పాత వస్తువులంటే ప్రాణం. హాల్లో లాంతరు వేలాడదీసి అందులో బల్బు పెట్టింది, తిరగలి మీద పూలకుండీ పెట్టింది. గిన్నెలాయన మాటలంటే ఆమెకి మహా ముచ్చట. "తాతగారూ, మీరు నోరు విప్పితే చాలు, మా నాయనమ్మ ఇల్లంతా కళ్ళ ముందుకొస్తుంది" అంటూ ఉంటుంది. ఆయన ఫ్రిజ్జులో నీళ్ళు అడుగుతున్నాడని ఆమెకి తెలియదు, ఉట్టి గురించి కథ చెబుతున్నాడు అనుకుంటుంది.

తలుపు తెరుచుకుంది. మెడ చుట్టూ హెడ్‌ఫోన్లు వేలాడుతుండగా ఆ అమ్మాయి నవ్వుతూ బయటికి వచ్చింది.

"ఏంటి తాతగారూ, కరెంటు పోయిందని భయపడ్డారా? వచ్చేస్తుందిలెండి."

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. లిఫ్టు, లిఫ్టు, లిఫ్టు అని లోపల జపం చేసి నోరు తెరిచాడు.

"అమ్మాయ్! మా ఆవిడ బొక్కెనలో ఉంది!"

"బొక్కెనా?" ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. "అబ్బ, ఆ మాట విని ఎన్నేళ్ళయిందో!"

"కాదు, కాదమ్మా. పైకి లాగుతుంది, కిందకి దింపుతుంది. మధ్యలో ఆగిపోయింది!"

"అవునవును, గిలక మీద తాడు! మా నాయనమ్మా వాళ్ళ బావిలో కూడా ఇరుక్కుపోయేది. అందరం కలిసి లాగేవాళ్ళం. భలే ఉండేది."

ఆయన కర్ర వదిలేసి ఎడమ చేత్తో నడవా వైపు చూపించాడు. లిఫ్టు మలుపు తిరిగితే గానీ కనిపించదు. ఆ అమ్మాయి అటు తిరిగి చూసి, ఖాళీ గోడని చూసి, మళ్ళీ ఆయన వైపు చూసి నవ్వింది. ఆయన గొంతు పెంచాడు.

"ఊపిరాడదమ్మా ఆవిడకి! ఊదుగొట్టం ఇక్కడే ఉండిపోయింది! ఊదుగొట్టం లేకపోతే ఆవిడ బతకదు!"

"నిజమే తాతగారూ, పాపం, ఆ రోజుల్లో ఆడవాళ్ళందరూ అంతే. ఊది ఊది ఆ పొగలో ఊపిరాడేది కాదు." ఆ పిల్ల మొహం జాలిగా పెట్టింది. తర్వాత జేబులోంచి ఫోను తీసి ఆయన వైపు పట్టుకుంది. "ఒక్క నిమిషం, మళ్ళీ చెప్పండి. ఇవన్నీ దాచుకోవాలి. మీ తర్వాత ఎవరు చెబుతారు?"

ఫోను కనిపించగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. దాంతో వాచ్‌మన్‌ని పిలిస్తే చాలు, వాడి దగ్గర లిఫ్టు తాళం ఉంటుంది.

"లాంతరు! ఆ లాంతరు, లాంతరు ముందు! తొందరగా!"

"లాంతరు కావాలా? ఉండండి ఉండండి!"

ఆ అమ్మాయి ఇంట్లోకి పరిగెత్తింది. ఆయన గ్రిల్ చువ్వలు పట్టుకుని, ఫోన్లో మాట్లాడడానికి వెళ్ళిందని ఆశపడ్డాడు. ఆమె రెండు చేతులా హాల్లోని లాంతరు పట్టుకుని బయటికి వచ్చింది. వైరు వెనక వేలాడుతోంది. "ఇదిగో తాతగారూ. మీ కొట్లో ఇలాంటివే ఉండేవట కదా? మామ్మగారు చెప్పారు. పట్టుకుని చూడండి" అని చువ్వల దగ్గరికి తెచ్చింది.

అది ఆయన ఎరిగిన లాంతరే. అడుగున కిరోసిన్ పోసే మూత, పక్కన వత్తి పెంచే చిన్న చక్రం, చిమ్నీని ఎత్తే తీగ. ఇంకోనాడైతే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఇప్పుడు ఆ వస్తువు మీద పుట్టెడు అసహ్యం వేసింది. అవతల మనిషి ప్రాణం పోతుంటే ఇది అడ్డం వచ్చి నిలబడింది. ఎడమ చెయ్యి చువ్వల మధ్య నుంచి దూర్చి విసురుగా కొట్టాడు. లాంతరు జారి నేల మీద పడింది. ఏళ్ళ తరబడి తాను గుడ్డతో తుడిచి దాచుకున్నవాటిలాంటి చిమ్నీ ముక్కలైంది.

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. భయంగా రెండడుగులు వెనక్కి వేసింది. "సారీ తాతగారూ. మీరు కూర్చోండి. మామ్మగారు కిందకే వెళ్ళారు కదా, వచ్చేస్తారు" అంటూ, చెప్పులతో గాజు ముక్కల్ని గోడవారకి జరిపి, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు ఆయనకి వినిపించింది.

అంత భయం ఆయన జన్మలో ఎరగడు. మంచం పక్కన కూలిపోయిన రోజు కూడా ఇంత భయపడలేదు. ఆ రోజు ఆవిడ పక్కన ఉంది. స్నానాలగది గోడ నుంచి చప్పుడు ఇంకా వస్తోంది, మధ్యమధ్య ఎడం పెరుగుతోంది. "ఏమోయ్!" అని అరిచాడు. గోడ వైపు అరిచాడు, తలుపు వైపు అరిచాడు, మెట్లు వినిపించేలా అరిచాడు. పై అంతస్తులో పగలు ఎవరూ ఉండరు, అందరూ పనులకి పోతారు. ఎదురింటి తలుపు కదల్లేదు. తనకి పిచ్చెక్కింది అనుకుని ఉంటుందని ఆయనకి తెలుసు.

బల్ల దగ్గరికి వెళ్ళాలి. కర్ర కింద పడి ఉంది, వంగితే లేవలేడు. గోడ పట్టుకుని, తర్వాత కుర్చీ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళాడు. ఇన్‌హేలర్ అందుకుని జేబులో వేసుకున్నాడు. పక్కనే ఉన్న స్టీలు పళ్ళెం చంకలో ఇరికించుకుని, వచ్చిన దారినే వెనక్కి వచ్చి, చువ్వల మీద బాదడం మొదలుపెట్టాడు. బాదుతుంటే ఒక సంగతి తట్టింది. తాను నోరు తెరిస్తే ఆ పిల్ల మాటలే వింటుంది. మాటలు వింటే ఇక దేన్నీ చూడదు. ఈ నోరే ఆవిడని చంపేస్తుంది.

ఎదురింటి తలుపు కొంచెం తెరుచుకుంది. "తాతగారూ, మీటింగులో ఉన్నాను..." అంది ఆ అమ్మాయి, మొహం ఎర్రగా పెట్టుకుని.

ఆయన పళ్ళెం వదిలేశాడు. నాలుక మీదికి మాటలు తోసుకొస్తుంటే పళ్ళు బిగించి నోరు మూసుకున్నాడు. ఇన్‌హేలర్‌ని అరచేతిలో పెట్టి చువ్వల మధ్య నుంచి బయటికి చాపాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి లేదు.

ఆ అమ్మాయి తలుపు పూర్తిగా తెరిచింది. అరచేతిలోకి చూసింది.

"ఇది మామ్మగారిది కదా?"

ఆయన తల ఊపాడు.

"ఇదేనా... ఊదుగొట్టం అంటే?" అంది మెల్లగా. మళ్ళీ తల ఊపాడు. ఆ పిల్ల పెదాలు కదిలాయి, ఇందాక విన్న మాటలన్నీ ఒక్కొక్కటీ మళ్ళీ అనుకుంటున్నట్టు. పైకి లాగుతుంది, కిందకి దింపుతుంది. కరెంటు పోయింది. ఆగిపోయింది. ఆమె మొహంలో రంగు పోయింది. "అమ్మో, లిఫ్టు!" అని ఇన్‌హేలర్ లాక్కుని మలుపు వైపు పరిగెత్తింది. కాళ్ళకి చెప్పులు లేవు, గాజు ముక్కలు తప్పించుకుందో లేదో కూడా తెలియదు.

ఆ తర్వాత ఆయనకి చెవులు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ అమ్మాయి లిఫ్టు తలుపు బాదడం, "మామ్మగారూ! మామ్మగారూ!" అని అరవడం, జవాబు రాకపోవడం, మెట్ల మీద దబదబా దిగడం, కింద వాచ్‌మన్‌ని కేకలు వెయ్యడం. ఎవరో ఇద్దరు పైకి వచ్చారు. ఇనుము రాసుకున్న చప్పుడు. "ముందు ఇది లోపలికి అందించండి, సందులోంచి అందించండి" అన్నది ఆ అమ్మాయి గొంతే. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకు అనడం లేదో ఆయన ఊహించకూడదనుకున్నాడు, ఊహించాడు. చువ్వలు పట్టుకున్న వేళ్ళు తిమ్మిరెక్కాయి. వదిలితే పడిపోతాడు.

చాలాసేపటికి మలుపులో ఆవిడ కనిపించింది. ఒకపక్క ఆ అమ్మాయి, ఇంకోపక్క వాచ్‌మన్ పట్టుకున్నారు. జుట్టు చెమటకి మొహానికి అంటుకుపోయింది. పాలపాకెట్ల సంచి ఇంకా భుజానికే ఉంది. తనే తాళం తీసి, లోపలికి అడుగు పెట్టి, గడప మీదే కూలబడింది. ఆయన గోడకి జారుతూ పక్కన కూర్చున్నాడు.

"ఏమోయ్," అన్నాడు.

ఆవిడ "ఆఁ" అనలేకపోయింది. చెయ్యి ఎత్తి ఆయన మోకాలి మీద వేసింది.

"భయమేసింది," అన్నాడు ఆయన. భయం వస్తువు కాదు కాబట్టి ఆ మాట తిన్నగా వచ్చింది. "చాలా భయమేసింది."

ఆ అమ్మాయి నడవాలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అరికాలికి గాజు గీసుకుని రక్తం వస్తోంది. "మీరు చెబుతూనే ఉన్నారు తాతగారూ. చెబుతూనే ఉన్నారు. నేను ఫోన్లో పట్టుకున్నాను కూడా" అంది. ఆవిడ కొంచెం తేరుకున్నాక లేచి, ముందు ఆ పిల్ల కాలికి గుడ్డ కట్టింది.

జనరేటరు బాగుపడింది, లిఫ్టులో గంట పెట్టారు. గిన్నెలాయన భార్య రెండు రోజులు మంచం మీద పడుకుని పైకప్పుకేసి చూస్తూ ఏదో ఆలోచించింది. మూడోనాడు ఎదురింటి అమ్మాయిని పిలిచింది. "సాయంత్రం పని అయ్యాక ఓ అరగంట మా ఇంటికి వచ్చి కూర్చోమ్మా. ఆయన ఏదైనా అడిగితే నువ్వు తెచ్చివ్వు. నేను నోరు విప్పను. ఒకటి గుర్తుపెట్టుకో, ఆయన వస్తువుని చూడరు, అది చేసే పని చూస్తారు" అని చెప్పింది. ఆ అమ్మాయి ఎందుకని అడగలేదు. ఆ పిల్ల కూడా అప్పటి నుంచి సరిగ్గా నిద్రపోవడం లేదు.

గిన్నెలాయనకి ఆ ఏర్పాటు నచ్చలేదు. మొదటి రోజు పేపరు చదువుకుందామని కూర్చుని, అలవాటు కొద్దీ భార్య వైపు తిరిగి, "జల్లెడ ఏదోయ్?" అన్నాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని గోడకేసి చూసింది. వినిపించలేదేమో అని మళ్ళీ అడిగాడు. ఆవిడ కదల్లేదు. ఆవిడకి కూడా అర్థం కాకుండా పోయిందా? ఎన్నాళ్ళ నుంచో లోపల పెట్టుకుని భయపడుతున్న రోజు వచ్చేసిందా? జాగ్రత్తగా చూస్తే, ఆవిడ ఒడిలో ఒక చెయ్యి ఇంకో చేతిని గట్టిగా పట్టుకుని ఉంది, లేవబోతున్న మనిషిని పట్టుకుని ఆపినట్టు.

"జల్లెడ," అంది అమ్మాయి తనలో తను. వంటింట్లోకి వెళ్ళి టీ వడపోసేది తెచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. కిటికీకి కట్టిన దోమల వల వైపు చూపించింది. కాదన్నాడు. ఆ పిల్ల వెళ్ళి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఒళ్ళో పేపరు చూసింది, ఆయన కళ్ళు చికిలించడం చూసింది. "జల్లెడ ఏం చేస్తుంది? కలిసిపోయినవాటిని విడదీస్తుంది" అనుకుంటూ లేచి, కిటికీ గూట్లో ఉన్న కళ్ళజోడు తెచ్చి రెండు చేతులా అందించింది. "ఇదే కదా తాతగారూ? అలుక్కుపోయిన అక్షరాలు విడివిడిగా కనిపిస్తాయి."

అదే. ఆ పిల్లకి పట్టుబడింది. ఆయన కళ్ళజోడుకేసి చూశాడు, తర్వాత భార్యకేసి చూశాడు. ఆవిడ ఊపిరి వదిలింది, ఎన్నో నెలలుగా మోస్తున్న బరువు దింపినట్టు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఆ వాలడం చూసి ఆయన ఒళ్ళు చల్లబడింది. ఇంకొకరికి అర్థమైతే ఆవిడ ఇక నిశ్చింతగా ఉంటుంది. నిశ్చింతగా వెళ్ళిపోవచ్చు కూడా.

"కాదు," అన్నాడు. "ఇది కాదు."

అమ్మాయి మొహం చిన్నబోయింది. కళ్ళజోడు తిరిగి పెట్టబోతుంటే ఆవిడ కళ్ళు తెరిచింది. ఆయన నోటి నుంచి వచ్చే తప్పు మాటలన్నీ ఆవిడకి తెలుసు. ఈ "కాదు" ఏ రకం తప్పో కూడా తెలిసింది. లేచి వచ్చి, ఆ పిల్ల చేతిలోంచి కళ్ళజోడు తీసుకోకుండా పక్కనే నిలబడింది.

"ఇవాళ్టికి ఉన్నానుగా," అంది. "ఆ అమ్మాయి చేత్తోనే తీసుకోండి."